లేని క్లచ్చు

నేను ఒక సైకిల్ని అని మొదలుపెట్టాలి. కానీ ఒక సైకిల్నో ఇరవై ఒక్క సైకిళ్లనో ఈనాటికీ నాకు తేలలేదు. ముందు మూడు పళ్లచక్రాలు, వెనక ఏడు. మూడేళ్లు ఇరవై ఒకటి. ఎక్కం వచ్చినవాళ్లందరికీ ఎక్కడం కూడా వచ్చేస్తుందనుకుంటారు, చిక్కంతా అక్కడే! నోటినిండా పళ్లున్నవాళ్లను మీరు చూసివుంటారు, ఒంటినిండా పళ్లున్న నన్ను చూసివుండరు. అన్ని పళ్లుండీ ఇంతవరకూ నేను కొరికింది ప్యాంటు అంచులూ పంచె చెంగులూ మాత్రమే.

పుట్టిందెక్కడని అడగకండి, అదీ గందరగోళమే. చట్రం ఒక ఊళ్లో, చక్రాలు ఇంకో ఊళ్లో, గేర్లు సముద్రానికి అవతల ఏదో దేశంలో. అన్నీ ఒకే అట్టపెట్టెలో పడి మదనపల్లె చేరాక, సైకిల్ షాపులో ఒకాయన ఆవలిస్తూ నన్ను బిగించాడు. దాన్ని కాన్పు అనాలో కూర్పు అనాలో నాకు తెలియదు. నా హ్యాండిల్‌కు రెండు మీటలు. కుడిచేతి మీట వెనకున్న ఏడింటికి, ఎడమచేతి మీట ముందున్న మూడింటికి. గొలుసు వెనక పెద్ద చక్రం మీదికి వెళితే తొక్కడం తేలిక. ముందు పెద్ద చక్రం మీదికి వెళితే తొక్కడం బరువు. అదే పెద్దచక్రం, ముందొక మాట, వెనకొక మాట! మనుషుల్లో ఇలాంటివాళ్లను ఏమంటారో మీకు తెలుసు. నేను పుట్టుకతోనే అంతటిదాన్ని.

నన్ను మొదట కొన్నది బ్యాంకు మేనేజరు గురుమూర్తిగారు. పొట్ట కొంచెం ముందుకు వచ్చింది, మనిషి కొంచెం వెనకబడ్డాడు, అందుకని నేను. "ఈ గేర్లు ఎట్ల మార్చాలప్పా?" అని ఆయన అడిగితే, నన్ను బిగించినాయన, "ఏదో ఒకటి నొక్కండి సార్, ఏదో ఒకటి పడతాది" అన్నాడు. నా గురించి ఎవరైనా ఇచ్చిన మొదటి ఉపన్యాసం అదే.

గురుమూర్తిగారికి అంకె పెద్దదైతే హోదా పెద్దదని నమ్మకం. ముందు మూడు, వెనక ఏడు పెట్టారు. అంటే ఉన్నవాటిలో అన్నిటికన్నా బరువైనది. ఇక అక్కణ్నుంచి దిగలేదు. వేలు మీట మీద పడితే ఆయన మీదే ఎవరో పడ్డట్టు అదిరిపడేవారు. నిలబడ్డచోటినుంచి బయల్దేరాలన్నా అదే గేరు, ఊళ్లో చిత్తూరు బస్టాండు దగ్గరి ఎగువకైనా అదే గేరు. బరువు దించుకుందామని నన్నెక్కి, వారం తిరక్కుండా పరువు దించుకున్నారు. పాలప్యాకెట్టు పట్టుకుని నడిచిపోతున్న ముసలాయన ఆయన్ని దాటి వెళ్లిపోయాడు మరి! అప్పటికే నన్ను ఎక్కినవాళ్లకన్నా ఎక్కిరించినవాళ్లు ఎక్కువైపోయారు.

ఆ తర్వాత నేను బాల్కనీలో తువ్వాళ్లు ఆరేసుకునే స్టాండునయ్యాను. ఒక మీటకు బనియను, ఒక మీటకు సాక్సు. ఇన్ని గేర్లు పెట్టి నన్ను చేసింది ఇందుకేనా అని మొదట అనుమానం వచ్చింది, కొన్నాళ్లకు ఇందుకే అయివుంటుందని నమ్మకం కుదిరింది. ఆయనకు బదిలీ అయినప్పుడు సామాన్ల లారీలో నాకు చోటు చాలలేదు. "మీరెట్లాగూ రిటైరైనారు కదా, ఉంచుకోండి" అని కింది వాటాలో ఉండే కదిరప్పకు ఇచ్చి వెళ్లిపోయారు.

రిటైరయ్యాడంటే కొత్త టైర్లు వేయించుకున్నాడేమో అనుకున్నాను. చూస్తే మనిషి గాలి తీసినట్టున్నాడు.

కదిరప్ప బస్సు డ్రైవరు. ముప్పై ఏళ్లు మదనపల్లె నుంచి కొండమీదికి బస్సు తోలాడు. ఆ ఘాట్ రోడ్డులో మలుపులు ఆయనకు అరచేతిలో గీతలంత పరిచయం. ఆయన బస్సుకు కండక్టరు ఖాదర్ బాషా. ఈయనకన్నా ముందే రిటైరై, కొండమీద బస్సు ఆగేచోటే టీకొట్టు పెట్టుకున్నాడు. కదిరప్పకు శాలువా కప్పి, గోడగడియారం ఇచ్చి సాగనంపిన రోజున డిపోలో ఖాదర్ బాషా కూడా నాలుగు మాటలు మాట్లాడాడట. ఆ మాటలు నేను స్వయంగా వినలేదు. కానీ కదిరప్ప నా ముందు కూర్చుని ఎన్నిసార్లు చెప్పుకున్నాడో, విన్నదానికన్నా బాగా వచ్చు.

"మా కదిరన్న ముప్పై ఏండ్లు కొండెక్కినాడు, కొండెక్కినాడు అంటాండారు. ఎక్కింది ఆయన కాదప్పా, బస్సు! ఆయన కూసోని పొయినాడు, అంతే. ఆ మాటకొస్తే నేనే మేలు, నిలబడుకోని పొయినా!"

డిపో అంతా పడి పడి నవ్విందట. కదిరప్ప కూడా నవ్వాడట. నవ్వి ఇంటికొచ్చి, శాలువా తీయకుండానే భార్య రెడ్డెమ్మను అడిగాడట.

"మే, కొండెక్కింది నేనా, బస్సా?"

"ముందు అన్నం తిను, చల్లారతాండాది" అంది రెడ్డెమ్మ.

ఆ రోజు అన్నంతోపాటు మనిషి కూడా చల్లారిపోయాడు. ముప్పై ఏళ్లు చేసిన పని తనదా, ఇంజనుదా? ఇంజనుదే అయితే తానెవరు, సీటు మీద పెట్టిన మూటా? అలాంటి సమయంలో నేను ఆయన గుమ్మంలోకి వచ్చాను. నన్ను ముందునుంచి చూశాడు, వెనకనుంచి చూశాడు, వంగి పొట్టకింద కూడా చూశాడు.

"మే రెడ్డెమ్మా, దీనికి ఇంజను లేదు!"

"సైకిలుకు ఇంజనెట్లుంటాది? బుద్ధుండా నీకు?"

"అదే గదా నాక్కావాల్సింది. దీన్నేసుకోని నా కాళ్లతో నేను కొండెక్కి, ఆ బాషాగాని కొట్లో టీ తాగొస్తా. అప్పుడు తెలిసిపోతాది, ఎక్కగలిగేది ఎవురో."

నా గేర్లు లెక్కపెట్టుకుని ఆయన పొంగిపోయాడు. "ఐదు గేర్లతో అంత బండిని కొండెక్కించినోణ్ని! ఇరవై ఒకటుంటే మబ్బుల్లోకే పోవచ్చు!" నాకూ ఆశ పుట్టింది. గేరంటే తెలిసిన మనిషి చేతిలో పడ్డాను, ఇక నా గందరగోళం తీరిపోయినట్టే అనుకున్నాను. అసలు గందరగోళం ఆ మర్నాడు మొదలైంది.

మొదట నా మీద కూర్చుని న్యూట్రల్ కోసం వెతికాడు. రెండు మీటలూ అటూ ఇటూ నొక్కి, "న్యూట్రల్ లేదేందిది?" అన్నాడు. బాల్కనీలో నేనున్న స్థితి న్యూట్రలేనేమో, చెప్పడానికి నాకు నోరు లేదు. సరే, బయల్దేరాం. వీధి చివర చిన్న ఎత్తు. ఎత్తు రావడానికి ముందే కదిరప్ప చెయ్యి మీట మీదికి వెళ్లింది. ఆహా, నా ఒళ్లు పులకరించింది! గేరు ఎప్పుడు మార్చాలో ఇంత బాగా తెలిసినవాడు ఊళ్లో లేడు. జనం ఎత్తు మధ్యలో ఇరుక్కుని, కాళ్లు ఆడక, అప్పుడు మీట నొక్కుతారు. ఈయన ముందే పసిగట్టాడు. అంతా బాగుంది. ఇంతలో, సరిగ్గా మీట నొక్కే క్షణానికి, కాళ్లు రెండూ ఆపేశాడు. ఎడమకాలు మాత్రం గట్టిగా కిందికి అదిమాడు.

అయ్యా, అది క్లచ్చు!

నాకు క్లచ్చు లేదు. కానీ ముప్పై ఏళ్లుగా క్లచ్చు తొక్కిన కాలికి ఆ సంగతి ఎవరు చెప్పాలి? బస్సులో గేరు మారాలంటే ఇంజను బలాన్ని ముందు తప్పించాలి. నా దగ్గర అంతా తిరకాసు. తిరుగుతున్న గొలుసు మాత్రమే ఒక చక్రం మీదినుంచి పక్క చక్రం మీదికి ఒద్దికగా జరుగుతుంది. కాళ్లు ఆడుతూనే ఉండాలి, అదీ మెత్తగా, ఒట్టినే తిప్పినట్టు. కాలు ఆపితే గొలుసు జరగదు, జరగమని చేతి నుంచి వచ్చిన హుకుం మాత్రం తీగలో బిగుసుకుని ఉంటుంది. ఆ స్థితిలో కదిరప్ప ఊపిరి బిగబట్టి ఒక్క తొక్కు తొక్కాడు. కటక్! కరకర! టప్! గొలుసు ఊడి వేలాడింది. ఆడవాళ్ల గొలుసు జారితే వీధంతా వెతుకుతారు, నా గొలుసు జారితే వీధంతా నవ్వింది.

"కాలు ఆపకపోతే గేరు పడదని ఆయన కాలికి తెలుసు. కాలు ఆపితే గేరు పడదని నా గొలుసుకు తెలుసు. ఇద్దరం అనుభవజ్ఞులమే, ఇద్దరం కూలబడ్డాం." నేను మాట్లాడగలిగితే ఆ రోజు ఇలా అనేదాన్ని. ఆయన నల్లబడ్డ చేతులతో ఇంట్లోకి వెళితే రెడ్డెమ్మ, "ఆ చేతుల్తో టవలు ముట్టుకో, చెప్తా నీ పని!" అని కేకేసింది.

రోజూ ఇదే తంతు. చేయి అనుకున్నది కాలు చేయదు, కాలు చేసేది నేను చేయలేను. "ఆపకూడదు, ఆపకూడదు" అని నోటితో జపం చేస్తూనే కాలు ఆపేవాడు. ఆయనకేమో నేను మొండిదాన్ననిపించింది, నాకేమో నేను ఏమిటో మరీ అర్థం కాకుండా పోయింది. పిలిచినచోటికి పోలేక, ఉన్నచోట ఉండలేక, రెండు చక్రాల మధ్య టకటకమని కొట్టుకుంటూ గడిపాను.

ఒకరోజు టమాటా మార్కెట్టు పల్లం వచ్చింది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బస్సును చిన్న గేరులో పెడితే ఇంజనే పట్టి ఆపుతుంది, బ్రేకు మీద భారం ఉండదు. కదిరప్ప నన్నూ అలాగే ఒకటో గేరులో పెట్టి, బ్రేకు వదిలేసి, నిశ్చింతగా కూర్చున్నాడు. పట్టి ఆపడానికి నాలో ఏముంది? పల్లంలో నాకు ఒకటో గేరైనా ఏడో గేరైనా ఒకటే. గాలితో పందెం వేసినట్టు దూసుకుపోయి, కుళ్లినవని పక్కన పోసిన టమాటాల గుట్టలో ఇద్దరం పచ్చడయ్యాం. తొక్కరాని సైకిలు తొక్కితే మిగిలేది తొక్కే!

"ఏందప్పా, అంత బస్సు తోలినోడివి, సైకిలు తోలేదానికి రాలేదా?" అంది మండీ దగ్గర గంపలెత్తే ఆమె, ఆయన చెవిలోంచి టమాటా విత్తనాలు తుడుస్తూ.

"దీంట్లో ఇంజను పట్టదుక్కా" అన్నాడు కదిరప్ప.

"ఇంజను పట్టదా? నీకేదో పట్టింది!"

ఆ కబురు మాకన్నా ముందు కొండెక్కింది, అదీ బస్సులో. ఆ తర్వాత కదిరప్ప నన్ను నిజంగానే ఘాట్ రోడ్డుకు తీసుకెళ్లాడు. మూడో మలుపులో గొలుసు ఊడి, వెనక చక్రం కడ్డీల్లో ఇరుక్కుంది. నన్ను తోసుకుంటూ దిగుతుంటే, ఆయన ముప్పై ఏళ్లు తోలిన బస్సు ఎదురొచ్చి ఆగింది. "అన్నా, ఎక్కు, టాపు మీద ఏస్తాం" అన్నాడు కొత్త డ్రైవరు. "పో పో, టైమైతాంది నీకు" అని కదిరప్ప చెయ్యి ఊపాడు. కిటికీల్లోంచి తెలిసిన ముఖాలు చాలాసేపు వెనక్కి తిరిగి చూశాయి.

ఆ సాయంత్రం రెడ్డెమ్మ ఆయన మోకాలికి నూనె రాస్తూ మెల్లగా అంది.

"ఇంక మానెయ్యయ్యా. వాడేదో నవ్వులాటకన్నాడు."

"నేను మానేస్తే ఆ మాట నిజమైపోతాది మే."

రెడ్డెమ్మ లేచింది. నూనెచేత్తోనే వచ్చి నా గొలుసుకు కూడా ఇంత రాసి వెళ్లింది. ఆమె ఎవరి పక్షమో నాకు అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున్నే ఇంటి ముందు మోపెడ్ ఆగింది. ఖాదర్ బాషా. కదిరప్ప చెప్పినదాంట్లో మనిషి సగమే ఉన్నాడు, మాట మాత్రం తగ్గలేదు.

"ఏం కదిరన్నా, టమాటాలు కేజీ ఎంత?"

"నగు, నగు. నగేదానికే గదా కొండ దిగొచ్చింది."

ఖాదర్ బాషా నవ్వు ఆపేశాడు. "కాదన్నా. ఆ పొద్దు ఏదో జనం నగతారని అన్న మాటది. తప్పయిపొయింది. ఈ వయసులో నీకీ సర్కసు వద్దు. రా, నా బండెక్కు, పోయి టీ తాగుదాం."

"నువ్వు చెప్పిందాంట్లో తప్పేముంది బాషా? నిజమో కాదో చూసుకుంటాండా, అంతే" అని కదిరప్ప నా మీదెక్కాడు. ఖాదర్ బాషా తల కొట్టుకుని మోపెడ్ మీద వెనకే బయల్దేరాడు.

ఘాటు మొదలయ్యేచోట ఘాటైన ఎత్తు. కదిరప్ప చెయ్యి ఎప్పటిలాగే ముందే మీట మీదికి పోయింది, కాలు ఎప్పటిలాగే ఆగింది. నేను కళ్లు మూసుకున్నాను. నాకు కళ్లు లేవు, అయినా మూసుకున్నాను. ముందున్న నేను హఠాత్తుగా నీరసించేసరికి, గుద్దేస్తానేమోనని ఖాదర్ బాషా గొంతు చించుకుని అరిచాడు. ఏమని అరుస్తాడు? జీవితమంతా అరిచిందే అరిచాడు.

"రైట్, రైట్! పోనీ, పోనీ!"

కదిరప్ప కాళ్లు కదిలాయి! ఆయన కదిపాడని నేననను, అవే కదిలాయి. ఆ గొంతు వింటే కదలడం ఆ కాళ్లకు అలవాటు. బుర్రను అడగవు. కాళ్లు తిరిగాయి, గొలుసు తిరిగింది, తీగలో బిగుసుకున్న హుకుం గొలుసుకు చేరింది. అయితే తొక్కు బలంగా పడడంతో గొలుసు మూలుగుతూ, పళ్లు నూరుతూ పక్క చక్రం ఎక్కింది. ఎక్కింది! కదిరప్ప వెనక్కి చూశాడు. ఖాదర్ బాషా ముందుకు చూశాడు. ఏళ్ల తరబడి బస్సు అద్దంలో చూసుకున్న ముఖాలవి, మాటలు అక్కర్లేదు.

గొలుసు మూలుగు ఖాదర్ బాషా కూడా విన్నాడు కాబోలు, రెండో మలుపు దగ్గర వెనకనుంచి వేరే కేక వచ్చింది.

"స్లో, స్లో! ముసలామె ఎక్కుతాంది... మెల్లగా పోనీ... మెల్లగా..."

ఎవరా ముసలామె? నేను బెంబేలెత్తిపోయాను. నాకు వెనక క్యారియర్ కూడా లేదే, ఎక్కడ ఎక్కుతుంది? కానీ కదిరప్ప కాళ్లకు ఆమె తెలుసు. పల్లెబస్సులో ముసలివాళ్లు ఎక్కుతుంటే బండిని పూర్తిగా ఆపరు, పరుగూ తీయించరు. పక్షి వాలినా ఎగిరిపోనంత మెత్తగా జరుపుతూ ఉంటారు. కాళ్లు ఆ మెత్తదనంలోకి వెళ్లాయి. ఆగలేదు, అదమలేదు. వేలు మీట నొక్కింది. టిక్!

అంతే. టిక్. నేను పుట్టాక ఒక గేరు సరిగ్గా పడడం అదే మొదలు. ఇంత చిన్న చప్పుడా అది! ఇన్నాళ్లూ కటక్కు, కరకరే నా భాష అనుకున్నాను. నేను సైకిల్ననే సంగతి ఎవరో చెవిలో చెప్పినట్టయింది.

"ఎక్కేసింది, రైట్!" అన్నాడు ఖాదర్ బాషా.

ఆ కొండ పొడుగునా మలుపు మలుపుకూ ముసలామెలు ఎక్కారు. చంకలో కోడితో ఒకామె, చీపుళ్ల కట్టతో ఒకామె, మనవరాలి కాన్పుకు పోయే ఇంకొకామె. ఒక్కరూ దిగలేదు. అంతమందిని ఎక్కించుకుని కూడా నేను తేలికవుతూ పోయాను. ఎందుకో అడగకండి.

చివరి మలుపుకు కొంచెం ముందు వెనక మోపెడ్ దగ్గింది, తుమ్మింది, ఆగిపోయింది. ఖాదర్ బాషా కేక కూడా ఆగిపోయింది. ముందు నిలువెత్తున ఆఖరి ఎత్తు. కదిరప్ప ఒగరుస్తున్నాడు, చెమట నా హ్యాండిల్ మీద బొట్లుబొట్లుగా పడుతోంది. ఇంకా ఒక గేరు దిగాలి. చెయ్యి మీట మీదికి వెళ్లింది. ఎడమకాలు బిగుసుకుంది. వెనక ఎవరూ లేరు. అయిపోయింది అనుకున్నాను.

అప్పుడు చాలా సన్నగా, తనలో తానే, "ముసలామె... మెల్లగా... మెల్లగా పోనీ" అన్నాడు కదిరప్ప. కాలు సడలింది. తిరిగింది. టిక్.

కొండమీదికి చేరి నన్ను టీకొట్టు గోడకు ఆనించి, ఆయన బల్ల మీద కూలబడ్డాడు. కాసేపటికి మోపెడ్‌ను తోసుకుంటూ, నాలుక బయటపెట్టి ఖాదర్ బాషా వచ్చాడు.

"ఇంజనున్నది ఆగిపొయింది, లేనిది వచ్చేసింది! ఒప్పుకుంటాండా కదిరన్నా. ఎక్కింది నువ్వే. బస్సు కాదు, ఏమీ కాదు, నువ్వే. సరేనా?"

ఇన్నాళ్లూ కదిరప్ప కోరుకున్న మాట అదే. ఆ మాట చెవిన పడగానే ఎగిరి గంతేస్తాడని చూశాను. ఆయన అరచేతులతో తన తొడలు నొక్కుకుంటూ ఉండిపోయాడు. ఆ తొడలు వణుకుతున్నాయి. ఎదురుగా ఆయన పాత బస్సు కిందికి బయల్దేరడానికి సిద్ధంగా నిలబడి ఉంది, కొండెక్కిన వేడికి ముందుభాగం ఇంకా చిటపటమంటోంది. కదిరప్ప లేచి వెళ్లి దాని మీద చెయ్యి పెట్టాడు. కాలింది, అయినా తీయలేదు.

"బాషా, ఇది దినామూ ఇంత కష్టపడిండాదా?" అన్నాడు. "అరవై మందినేసుకోని! నేను కూసోని మూడు పూటలా దీన్ని తిట్టినా గదప్పా."

ఖాదర్ బాషా కొట్లోకి వెళ్లి టీ రెండు గ్లాసుల్లో పోశాడు.

ఎక్కింది తానని నిరూపించుకోవడానికి వచ్చిన మనిషి, తీరా ఎక్కాక బస్సుకు ఓదార్పు చెబుతున్నాడు! మరి నా సంగతో? ఈయన ఎక్కాడా, నేను ఎక్కించానా, ఆ ముసలామెలు తోశారా? ఎవరూ అడగలేదు. అడిగినా నాకు తెలియదు.

దిగేటప్పుడు కదిరప్ప నన్నెక్కలేదు. బస్సు వెనకున్న నిచ్చెనకు నన్ను తాళ్లతో కట్టి, లోపలికెళ్లి చివరి వరసలో కూర్చున్నాడు. ఇప్పుడు మీతో మాట్లాడుతున్నది ఆ నిచ్చెన మీదినుంచే. నా చక్రాలు ఊరికే గాలికి తిరుగుతున్నాయి. రోడ్డు నా ముందు వెనక్కి పరిగెడుతోంది. పోతున్నానో వస్తున్నానో తెలియడం లేదు. వెనక అద్దంలోంచి కదిరప్ప కనిపిస్తున్నాడు. తల కిటికీకి ఆనించి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఈ మలుపుల్లో ముప్పై ఏళ్లు రెప్ప వేయని మనిషి!

పెద్ద మలుపు వచ్చింది. కొత్త డ్రైవరు గేరు మార్చాడు. బస్సు ఒక్క కుదుపు కుదిపింది.

కదిరప్ప ఎడమకాలు కదల్లేదు, నిద్ర చెదరలేదు.